చివరి పదకొండు కాగితాలు

మా సారు ఆఫీసులో ఇప్పుడు నా కుర్చీలో కూర్చునే అమ్మాయి పేరు సుజాత. పోయిన నెల ఫోన్ చేసి, “అక్కా, పుస్తకం సూడంగనే ధర ఎట్ల జెప్పాలె? జర రాసియ్యరాదు,” అని అడిగింది. పాపను పడుకోబెట్టాక రోజూ కాస్త రాస్తానన్నాను. నాలుగు వారాలు పట్టింది. మూడేళ్ల పిల్లకు జలుబు చేస్తే ఇంట్లో మరో పని సాగదు. పైగా ఒక వాక్యం రాసి, తప్పేమోనని కొట్టేసి, మళ్లీ అదే వాక్యం రాసే అలవాటు నాకుంది. అది ఈ ఉద్యోగంలోనే అంటుకుంది. ఎట్లా అంటుకుందో చెప్పడానికే ఇదంతా.

మహబూబ్‌నగర్‌లో సైకిళ్ల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు మాది. సారు తెలుగు లెక్చరరుగా రిటైరయ్యాక పెట్టుకున్నారు. తాతల నాటి పుస్తకం ఇంట్లో ఉన్నవాళ్లు మమ్మల్ని పిలుస్తారు. అది ఏ పుస్తకమో, ఎంత పాతదో, అమ్మితే ఎంత వస్తుందో చూసి, ఒక కాగితం మీద రాసి ఇస్తాం. దాన్ని చీటీ అనేవాళ్లం. కొనేవాళ్లు ఎక్కువగా హైదరాబాదులో ఉంటారు. నేను నల్లగొండలో ఎం.ఏ. చదివి, రాష్ట్రం వచ్చిన మరుసటేడు ఈ పనిలో చేరాను. పాప పుట్టే ముందు మానేశాను. ఏడేళ్లు చేసి మానేస్తే దాన్ని రిటైర్మెంట్ అంటారో లేదో తెలియదు. అలసట మాత్రం అంతే ఉంది.

చాలా రోజులు ఇట్లాగే గడుస్తాయి

ముందే చెబుతున్నాను, మీరు చూడబోయే పుస్తకాల్లో ఎక్కువ వాటికి ధర రాదు. ఆ మాట మీ నోటితో చెప్పాలి. చెప్పాక ఆ ఇంట్లో ఇంకో పది నిమిషాలు కూర్చుని చాయ్ తాగాలి. పనిలో కష్టమైన భాగం ఆ పది నిమిషాలే.

షాద్‌నగర్‌లో ఒకాయన కంపెనీకి సెలవు పెట్టి మా కోసం ఇంట్లో ఉన్నాడు. ఫోనులో ఏదో వీడియో చూశాడట, పాత పుస్తకాలు కోట్లు పలుకుతాయని. వాళ్ల తాత పంచాంగాన్ని పట్టుగుడ్డలో చుట్టి, బీరువా లాకర్లో పెట్టి, తాళం చెవి తన మొలతాడుకే కట్టుకున్నాడు. అచ్చు పంచాంగం. అట్టలు లేవు. అట్లాంటివి మా ఆఫీసు అటక మీద గోనెసంచి నిండా ఉన్నాయి. రెండు వందలు రావచ్చన్నాను.

“రెండొందల కోట్లా?” అని వాళ్లావిడ నవ్వింది.

ఆయన నవ్వలేదు. “మేడం, మీ దుకాణంల తక్కెడ ఖరాబైనట్టుంది. జర మంచిగ జేపిచ్చుకోండ్రి,” అన్నాడు. ఆయన మొలతాడుకు ఆ తాళం చెవి ఇంకా ఉందో లేదో తెలియదు.

చదవడం సారే నేర్పారు. పుస్తకం తెరవకముందే ఆయన వాసన చూసేవారు. పొగ వాసన వస్తే వంటింటి అటక మీద ఉన్నట్టు, అంటే పురుగు తక్కువ. వేపాకు వాసన వస్తే ఆ ఇంట్లో ఎవరో పట్టించుకున్నారని అర్థం. ఏ వాసనా లేకుండా చల్లగా తగిలితే లోపల చెమ్మ ఉంటుంది. అట్లాంటిదాన్ని తొందరపడి విప్పకూడదు. “ముక్కుతోని సదివినంక కండ్లతోని సదువు,” అనేవారు. ఇంకో నియమం కూడా పెట్టారు. ప్రతి కాగితానికీ ఫోటో తియ్యాలి, మనకు అక్కర్లేదనిపించినవాటికి కూడా. ఎందుకో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

సారు మీద నాకు గౌరవం ఉంది. అయినా ఒక మాట దాచను. ధర చెప్పేదీ మేమే, అమ్మిపెట్టేదీ మేమే. దానివల్ల మా కళ్లు తెలియకుండానే కొనేవాళ్ల కళ్లయిపోయాయి. పుస్తకం చేతికి వస్తే ఇది ఎవరు కొంటారు అనే చూసేదాన్ని. ఎవరిది అని చూసేదాన్ని కాదు.

భువనగిరిలో ఒక మాట

మొదటి ఏడాదే ఈ సంగతి నాకు తెలిసి ఉండాల్సింది. భువనగిరి కోట గుట్ట కింద ఖాదర్ సాబ్ అనే టైలరు ఉండేవాడు. ఆయన ముత్తాత చేత్తో రాసిన పవిత్ర గ్రంథం ఇంట్లో ఉంది. అంచుల నిండా నీలం పూలు. నేను ముట్టుకోలేదు, ఆయనే చేతులు కడుక్కుని వచ్చి ఒక్కో పేజీ తిప్పి చూపించాడు. అంతవరకూ బాగానే జరిగింది. చూడటం అయ్యాక పెన్ను తీసి, “ఎంతకు అమ్ముదామనుకుంటున్నరు?” అని అడిగాను.

ఆయన గ్రంథాన్ని మెల్లగా మూసి, గుడ్డ చుట్టి, పైన అరలో పెట్టేశాడు. కోపం కూడా రాలేదు ఆ ముఖంలో.

“బిడ్డా, దీన్ని అమ్ముడు, కొనుడు అనరు. హదియా అంటరు. ఇచ్చేటోడు కానుకిస్తడు, తీస్కునేటోడు కానుకిస్తడు. చాయ్ తాగి పో.”

ఆ తర్వాత సారే స్వయంగా పోయి మాట్లాడినా ఆయన మళ్లీ ఆ గుడ్డ విప్పలేదు. నేను ఆఫీసుకు వచ్చి నా నోట్‌బుక్కులో ‘హదియా’ అని రాసుకుని, కింద గీత గీసుకున్నాను. ఒక మాట నేర్చుకుని, పాఠం నేర్చుకున్నాననుకున్నాను.

దేవరకొండ దగ్గర ఒక ఇల్లు

నేను పని మానేయడానికి ఏడాదిన్నర ముందు సంగతి ఇది. దేవరకొండ నుంచి ఆటోలో అరగంట పోతే ఒక చిన్న ఊరు. పత్తి ఏరే రోజులు. పిలిపించింది సాయన్న అనే ఆయన, అరవై దాటిన మనిషి, కథలు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది.

వాళ్లది కులపురాణం చెప్పే కుటుంబం. ఒక కులం వాళ్లున్న ఊళ్లకు ఏడాదికోసారి పోయి, ఆ కులం పుట్టుక కథ చెప్పి, వాళ్లిచ్చే గింజలూ బట్టలూ తెచ్చుకుని బతుకుతారు. ఏ ఊరికి ఎవరు పోవాలో వాళ్లలో వాళ్లకు హక్కు ఉంటుంది. దాన్ని మిరాశి అంటారు. ఒకరి మిరాశి ఊరిలో ఇంకొకరు కథ చెప్పకూడదు. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్టు ఊళ్లు పంచుకుంటారు. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు తెలియవు. అడిగితే చెప్పేవాళ్లే.

రేకుపెట్టెలోంచి గొంగడి చుట్టిన పుస్తకం తీశాడు సాయన్న. “దీన్ని కథకు పొయ్యేటప్పుడే ఇప్పుతం మేడం. ఊకె ఇప్పద్దు,” అని ముందుగా కొబ్బరికాయ కొట్టాడు. మందపాటి కాగితం, చెక్క అట్టలు, వాటి మీద ఏళ్లనాటి పసుపు. వాసన చూశాను. పొగ, వేపాకు. మంచి పుస్తకం. నూట నలభై కాగితాల కథ, ఒకే చేతిరాత, ఎక్కడా చెదలు లేదు. అట్లాంటిది అంతకుముందు నేను చూడలేదు.

గడప దగ్గర ఒకామె చాటలో కందులు పోసుకుని రాళ్లు ఏరుతోంది. సాయన్న తమ్ముడు మల్లేశు భార్య, లచ్చమ్మ. మల్లేశు అంతకు కొన్ని నెలల కిందటే పోయాడట. ఆమె తల ఎత్తకుండానే అంది:

“బిడ్డా, ఎన్కకున్న కాయితాలు గూడ సూడు. ఆఖర్న ఉంటయ్.”

“సూస్తది తియ్యి. సదువుకున్నామె. నువ్వు జెప్పాల్నా?” అన్నాడు సాయన్న.

చూశాను. కథ అయిపోయాక పదకొండు కాగితాలు. నాలుగైదు చేతిరాతలు, రకరకాల సిరాలు. వరసగా ఊళ్ల పేర్లు, ఒక్కో ఊరి కింద ఒక మగమనిషి పేరు, కొన్ని కొట్టివేతలు. నేను కథ కోసం వచ్చినదాన్ని. సాయంత్రం బస్సు తప్పితే ఆ రాత్రికి ఇల్లు చేరను.

“ఇవి కథ గాదమ్మా. ఊర్ల పేర్లున్నయ్, అంతే. కొనేటోళ్లకు వీటితోని పనుండది.”

“పనుండదా?”

“వీటికి ధర రాదు.”

చాటలో ఆమె చెయ్యి ఆగింది. ఆ తర్వాత మళ్లీ రాళ్లు ఏరుకుంది. సాయన్న మంచినీళ్ల చెంబు నా వైపు జరిపాడు. అంతవరకూ నీళ్లు కావాలా అని కూడా అడగలేదు ఆయన. ఆ మర్యాద ఎందుకో నేను ఆలోచించలేదు.

కథ కాగితాలన్నిటికీ ఫోటోలు తీశాను. చివరి పదకొండింటిలో ఆఖరి కాగితం ఒక్కదానికే తీశాను, పుస్తకం అక్కడితో అయిపోయిందని చూపడానికి. చీటీలో చివర ఇట్లా రాశాను: ‘చివరి పదకొండు కాగితాలు కథలో భాగం కావు. విలువ లేదు.’ మొదటి వాక్యం చాలు. రెండోది అక్కర్లేదు. రాశాను.

నెలలోపే హైదరాబాదులో ఒకాయన పుస్తకాన్ని తీసుకున్నాడు. ఆయన చేతికి పోయేముందు అది మా ఆఫీసుకు వచ్చింది. చివరి పదకొండు కాగితాలు లేవు. కుట్టు దగ్గర బ్లేడుతో నున్నగా కోసేశారు.

“ఆఖరి కాయితాలేవి?” అన్నారు సారు.

“అవి కథ గావు సార్. ఇంట్లనే ఉంచుకున్నట్టున్నరు.”

“ఫోటోలున్నయా?”

“కథవి ఉన్నయ్.”

ఆయన పుస్తకానికి గుడ్డ కట్టేశారు. తిట్టి ఉంటే బాగుండేది.

చీటీ తిరిగొచ్చింది

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం మా ఆఫీసు మెట్లెక్కి ఒకామె వచ్చింది, వెంట ఎనిమిదేళ్ల కూతురు. దేవరకొండ నుంచి కల్వకుర్తి మీదుగా రెండు బస్సులు మారి వచ్చారు.

“గుర్తువట్టినవా బిడ్డా?”

పట్టలేదు. ఆమె కొంగుముడి విప్పి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. నా చీటీకి జిరాక్స్.

“గిది నీ రాతేనా?”

“నాదే.”

“సదువు.”

చదివాను.

“ఆఖరి ముక్క ఇంకొకపారి సదువు.”

“విలువ లేదు.”

“గా ముక్కతోనే మా బావ నా నోరు మూసిండు,” అంది లచ్చమ్మ.

అప్పుడు తెలిసింది. ఆ పదకొండు కాగితాలు మిరాశి ఊళ్ల పట్టీ. నాలుగు తరాలుగా ఏ ఊరు ఎవరిదో అందులో రాస్తూ వచ్చారు. ఆఖరున సాయన్న తండ్రి ఇద్దరు కొడుకులకూ ఊళ్లు పంచి రాశాడు. సాయన్నకు పదిహేను, మల్లేశుకు పద్నాలుగు. అన్నదమ్ములు ఎప్పుడూ కలిసే పోయేవాళ్లు, తెచ్చింది ఇంటికొచ్చాక సమంగా పంచుకునేవాళ్లు. అందుకే ఏ ఊరు ఎవరిదో ఆ ఊళ్లవాళ్లకు తెలియదు. మల్లేశు పోయాక లచ్చమ్మ తన ఊళ్లు అడిగింది. ఏ ఊళ్లు, కాయితం చూపమన్నాడు సాయన్న. కాగితాలు ఏమయ్యాయని కులపెద్దలు అడిగితే, పట్నం నుంచి వచ్చిన చదువుకున్న మేడమే విలువ లేదని రాసిచ్చింది, పొయ్యిలో పెట్టానని నా చీటీ తీసి చూపించాడు. నిజంగా పొయ్యిలో పెట్టాడో లేదో ఎవరికీ తెలియదు.

“నువ్వు ఆమెకు గప్పుడే గట్టిగ జెప్పాల్సింది గదమ్మా,” అన్నారు సారు.

“ఎట్ల జెప్పాలె సారు? నాకు సదువు రాదాయె. ఎదురుంగ మా బావ కూసున్నడాయె. సూడుమని జెప్పిన. సూసింది. ధర లేదన్నది. సదువుకున్నామె అన్నంక నేనేమనాలె?”

ఆ పిల్ల మా బల్ల మీది రబ్బరు ముద్రను అరచేతిలో అద్దుకుని చూసుకుంటోంది.

మీరు ఈ పనిలోకి వస్తే మీకు నేను చెప్పేది ఇక్కడే ఉంది. పెట్టె తెరిచేవాడు ఒకడుంటాడు. గడప దగ్గర కూర్చుని ఒక్క మాట అనే మనిషి ఇంకొకరుంటారు. ధర అడిగేది మొదటివాడు. పుస్తకంలో ఏముందో తెలిసింది రెండో మనిషికి. పెట్టె ఇప్పుడే ఎందుకు తెరిచారో అడగండి. ఇంట్లో ఎవరు పోయారో అడగండి. పుస్తకాన్ని చివరి కాగితాల నుంచి చదవడం మొదలుపెట్టండి. ఇంటివాళ్లు తమ సంగతులు రాసుకునేది అక్కడే.

ఆ ఫోటోలు తీసిన ఫోను అప్పటికే చచ్చిపోయింది. దాని మెమరీ కార్డు సారు సొరుగులో గుండుసూదుల డబ్బాలో దొరికింది. ఆఖరి కాగితం ఫోటో ఉంది. ఒక మూల నా బొటనవేలు పడింది. ఐదు ఊళ్ల పేర్లు, ఐదింటి కిందా మల్లేశు పేరు. మిగిలిన తొమ్మిదీ దాని ముందు కాగితంలో ఉండి ఉంటాయి. దానికి నేను ఫోటో తీయలేదు.

“మా ఆయన పేరు ఏడున్నది?” అంది లచ్చమ్మ. చూపించాను. ఆమె తెర మీద వేలు పెట్టి వరసలు లెక్కపెట్టుకుంది.

“ఐదేనా?”

“ఐదే అమ్మా.”

ఆమె కులపెద్దల పంచాయితీకి రమ్మంది. సారుకు ఇష్టం లేదు. “మనం ధర జెప్పేటోళ్లం. ఊర్లల్ల పంచాయితీలకు బోతె రేపు మనల్ని ఇంట్లకు ఎవలు రానిస్తరు?” అన్నారు. ఆయన భయం అబద్ధం కాదు.

“సార్, మన చీటీ ఎప్పుడో పొయ్యింది పంచాయితీకి. మనమే పోలే,” అన్నాను.

సాయంత్రం సారు తనే కిందికి దిగి, ఫోటోను పెద్ద కాగితం మీద ప్రింటు తీయించుకొచ్చి నా బల్ల మీద పెట్టారు.

రేకుల షెడ్డు

అప్పుడు నాకు ఆరో నెల. ఆ గతుకుల రోడ్డు మీద పోవద్దని మా ఆయన మూడు రోజులు చెప్పాడు. బస్సు ఎగిరినప్పుడల్లా కడుపు మీద చెయ్యి పెట్టుకుని, ఏమీ కాదు, ఏమీ కాదు అనుకుంటూ పోయాను. ఇప్పటికీ పాప దగ్గినప్పుడు అదే మాట అనుకుంటాను.

ఊరి బయట గుట్ట కింద రేకుల షెడ్డు. పదిమంది దాకా పెద్దలు చాపల మీద కూర్చున్నారు. అందరూ కథలు చెప్పేవాళ్లే. కులపెద్ద నర్సయ్య నా చీటీని చేతిలో పట్టుకుని అడిగాడు.

“గిది నువ్వే రాసినవా?”

“నేనే.”

“విలువ లేదన్నవు.”

“అన్న.”

“గిప్పుడో?”

“తప్పు రాసిన.”

ఎవరో నవ్వారు. నర్సయ్య నవ్వకుండా అన్నాడు: “మేము తెల్లార్లు కథ జెప్పినా ఒక్క మాట అటుఇటు గానియ్యం మేడం. నీది నాలుగు వరసల చీటీ. గందుల గూడ మాట మారుస్తవా?”

“నేను కొనేటోళ్ల కోసం రాసిన పెద్దాయనా. కొనేటోళ్లకు ఆ కాయితాలు పనికిరావు. మీకెంత పనికొస్తయో నేనడగలే. అడగకుంటనే విలువ లేదని రాసిన.”

ప్రింటు చేతులు మారింది. మల్లేశు తండ్రి రాతను ఇద్దరు ముసలివాళ్లు గుర్తుపట్టారు. సాయన్న లేచాడు. “రాత మా నాయినదే. కాదన్ననా? కని తమ్ముడే లేకపాయె. ఆడమనిషి ముందల నిలవడి కథ జెప్పుడు ఏడన్న సూసిండ్రా?”

“ఇరవై ఏండ్లు నీ ఎన్కనే నిలవడి వంత పాడిన,” అంది లచ్చమ్మ. “నువ్వు మర్సిపోయినకాడల్ల అందిచ్చింది ఎవలు బావా?”

ఈసారి షెడ్డంతా నవ్వింది. సాయన్న మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా కూర్చున్నాడు. ఆయన మోకాళ్లు అరిగిపోయాయని, కొడుకు ఈ కథల జోలికే రానన్నాడని తర్వాత విన్నాను. ఆయన మీద కోపం నాకు నిలవలేదు. నా కోపానికి అక్కడ జాగా కూడా లేదు.

ఫోటోలో ఉన్న ఐదు ఊళ్లూ లచ్చమ్మవే అన్నారు పెద్దలు. మిగిలినవాటికి కాయితం లేదన్నారు. అప్పుడు నర్సయ్య నా వైపు తిరిగి, ఈసారి మెత్తగా అడిగాడు.

“గా కాయితాలు నీ చేతులతోని తిప్పినవు గద బిడ్డా. ఒక్క ఊరి పేరన్న యాదికున్నదా? నువ్వు జెప్తే రాస్తం.”

తప్పు ఒప్పుకోవడం ఇంతకన్నా తేలికగా జరిగింది. కళ్లు మూసుకున్నాను. సిరా రంగు గుర్తుంది. ఒకచోట నూనె మరక గుర్తుంది. బస్సు టైము గుర్తుంది. ఒక్క ఊరి పేరు కూడా రాలేదు. లచ్చమ్మ నా ముఖంలోకే చూస్తోంది. పిల్ల కూడా చూస్తోంది.

“లేదు,” అన్నాను.

తొమ్మిది ఊళ్లు అట్లా పోయాయి.

లేవబోతుంటే లచ్చమ్మ కొత్త కాగితం ఒకటి నా ముందు పెట్టింది. ఐదు ఊళ్ల పేర్లూ రాయమంది. రాశాను. ఒక్కోదాని కింద ఎవరి పేరు రాయాలని అడిగాను. ఈసారి అడిగాను. తన పేరు రాయమంది. “ఆడమనిషి పేరు పట్టీల ఎన్నడు రాయలే,” అన్నాడు ఒక ముసలాయన. నర్సయ్య రాయమన్నట్టు తల ఊపాడు. లచ్చమ్మ, లచ్చమ్మ అని ఐదుసార్లు రాశాను. సిరా ఆరేదాకా ఊదాను. మూడు ఫోటోలు తీసుకున్నాను.

నేను రాసిన ఆఖరి కాగితం అది. ఆ నెలలోనే పని మానేశాను.

దేవరకొండకు పోయే ఆటో దగ్గరికి ముగ్గురం కలిసి నడిచాం. కాగితాన్ని మడిచి గుడ్డలో చుట్టి, ఆ గుడ్డను పిల్ల చేతికిచ్చింది లచ్చమ్మ. తర్వాత నన్ను అడిగింది.

“గిది ఎంత జేస్తది బిడ్డా?”

“తెల్వదమ్మా,” అన్నాను.

“గా మాట గప్పుడే అంటే బాగుండు గద,” అని, పిల్లను ముందు ఎక్కించి, తనూ ఆటో ఎక్కింది.